దీపం మీద నీలి టోపీ

ఈమధ్యే మా అపార్ట్‌మెంట్‌కు పైపు గ్యాసు వచ్చింది. కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రాడు జాయింట్లకు సబ్బునీళ్లు రాసి బుడగలు చూశాడు. వాల్వు తిప్పి, పైపులో ఉన్న గాలి పోయేదాకా కాస్త గ్యాసు బయటికి వదిలాడు. వంటిల్లంతా గుప్పున కుళ్లు కంపు. కోడలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కిటికీ రెక్కలు తీసింది. నా కళ్లు మాత్రం వాటంతటవే పైకి, చిమ్నీ పక్కన స్లాబు మూలకు పోయాయి. బొగ్గుబాయిలో ఏళ్ల తరబడి ఆ గ్యాసును వెతికింది అలాంటి మూలల్లోనే.

పొయ్యి మీద వెలిగేది అదే మీథేన్. హైదరాబాద్ వంటింటికి అది మెర్కాప్టాన్ అనే కంపు సరుకు కలుపుకుని వస్తుంది. గాలిలో గ్యాసు 1 శాతం చేరేసరికే ముక్కు పట్టేయాలని అలా కలుపుతారు. బాయిలో దానికి వాసన కలిపేవాళ్లు లేరు. రంగు లేదు, రుచి లేదు, మన తలకు మూరెడు పైన నిలిచి ఉన్నా తెలియదు. కొత్తగూడెం, బెల్లంపల్లి, గోదావరిఖని వైపు పనిచేసినవాళ్లందరికీ దాన్ని వెతకడం ఒక దినచర్య. ఆ కంపు తగిలిన రోజు నుంచి ఆ దినచర్యే కళ్లముందు తిరుగుతోంది.

లాంప్ రూమ్

మొదటి షిఫ్టు సైరన్ కూసేసరికి లాంప్ రూమ్ కిటికీ ముందు లైను. బిళ్ళ ఇస్తే క్యాప్ లాంపు ఇచ్చేవాళ్లు. నడుముకు బ్యాటరీ, టోపీకి లైటు. పక్క కిటికీలో, లోపల పని చూసే సర్దార్లకు, ఓవర్‌మన్‌లకు, మందు పేల్చే షాట్‌ఫైరర్లకు ఇంకో దీపం: ఇత్తడి, ఉక్కు కలిసిన ఫ్లేమ్ సేఫ్టీ లాంపు. వరసగా కొక్కేలకు వేలాడుతుంటే గుడి గంటల్లా ఉండేవి. ఒకదానికొకటి తగిలితే వచ్చే ఆ టంగుమనే చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ దీపం కథ పాతది. 1812లో ఇంగ్లండ్‌లోని ఫెల్లింగ్ గనిలో పేలుడు జరిగి 92 మంది పోయారు. ఆ తర్వాత 1815లో హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నని ఇనుప జాలీ చుట్టాడు. జాలీలో అంగుళానికి 28 తీగలు, అంటే చదరపు అంగుళానికి 784 కన్నాలు. గ్యాసు కన్నాల్లోంచి లోపలికి వచ్చి మండుతుంది. ఆ మంట బయటికి రాబోతే తీగలు దాని వేడిని లాగేస్తాయి, బయటి గ్యాసును అంటించేంత వేడి మిగలదు. మా కాలం దీపాల్లో ఇలాంటి జాలీలు రెండు, ఒకదానిలో ఒకటి. కింద గాజు, పైన ఉక్కు తొడుగు, అడుగున నాఫ్తా నింపిన డబ్బా, వత్తి. మూత అయస్కాంతం తాళంతో పడేది. ఆ అయస్కాంతం లాంప్ రూమ్‌లోనే ఉండేది కాబట్టి దిగువకు పోయాక ఎవరూ విప్పలేరు.

లాంప్ రూమ్‌లో పనిచేసే పెద్దాయన ప్రతి దీపాన్నీ విప్పి, జాలీని బ్రష్‌తో కొట్టి, వెలుతురుకు అడ్డం పెట్టి చూసేవాడు. ఒక్క తీగ తెగినా, ఒక్క కన్నం కాస్త వెడల్పయినా ఆ జాలీ పక్కకు పోయేది. గాజుకు పైనా కిందా ఉండే వాషర్లను వేలితో తడిమేవాడు. చివరగా దీపం వెలిగించి చుట్టూ సన్నని గొట్టంతో గాలి ఊదేవాడు. మంట అల్లాడిందంటే ఎక్కడో సందు ఉన్నట్టే. ఆ సందులోంచి గాలి లోపలికి వస్తే మంట కూడా బయటికి రాగలదు. ఆయన చేయి దాటి వచ్చిన దీపాన్ని కూడా తీసుకునేవాడు తాను మళ్లీ తిప్పి చూసుకుని సంతకం పెట్టాలి. ఆయన దాన్ని అవమానంగా తీసుకునేవాడు కాదు. చూసుకోకుండా పట్టుకుపోయేవాళ్లనే తిట్టేవాడు.

దిగే ముందు తనిఖీ. జేబులు, తలపాగా, టిఫిన్ డబ్బా, చెవి సందు కూడా. బీడీ, అగ్గిపెట్టె, లైటర్ ఏది దొరికినా అక్కడే ఆపేవాళ్లు. అలవాటున్నవాడు ఎనిమిది గంటలు బీడీ లేకుండా ఉండలేక ఎక్కడెక్కడో దాచేవాడు. తనిఖీ చేసేవాడికి ఆ చోట్లన్నీ తెలుసు. అది మొక్కుబడిగా జరిగిన రోజే నాకు భయంగా ఉండేది.

మెల్లగ లేపు బిడ్డా

గ్యాసు చూడటం నేర్పింది పాత సర్దార్లు. పుస్తకంలో రెండు పేరాల్లో ఉన్నదాన్ని చేతికి అలవాటు చేయడానికి వాళ్లకు నెలలు పట్టేది.

ముందు మామూలు మంటతోనే నడుం ఎత్తు నుంచి దీపాన్ని అంగుళం అంగుళం పైకి తీసుకెళ్లాలి. మంట సాగుతోందా, సన్నగా పైకి ఎగబాకుతోందా అని చూడాలి. అలా ఎగబాకితే అక్కడ గ్యాసు చాలా ఉన్నట్టు, ఇక రెండో పరీక్ష అక్కర్లేదు. మంట నిలకడగా ఉంటే దీపం కిందికి దించి, వత్తి తగ్గించి, పసుపు రంగు చివర మాత్రం చుక్కలా మిగిలేలా చేయాలి. క్యాప్ లాంపు వెలుతురు కంట్లో పడకుండా పక్కకు తిప్పాలి. అప్పుడు మళ్లీ మెల్లగా పైకప్పు దాకా.

గ్యాసు ఉంటే ఆ చుక్క మంట మీద లేత నీలి రంగు టోపీ కనిపిస్తుంది. 1.25 శాతం దగ్గర అది ఉందా లేదా అన్నట్టుంటుంది. కొత్త కళ్లకు అసలు కనబడదు. 3 శాతానికి నికరంగా త్రికోణంలా నిలబడుతుంది. 5 శాతానికి గాజు లోపలంతా నీలం నిండి పైకి లేస్తుంది. ఆ క్షణంలో కొత్తవాడు బెదిరి దీపం కిందికి గుంజుతాడు. అలా గుంజితే మండుతున్న గ్యాసు గాలి ఊపుకు జాలీ దాటే ప్రమాదం ఉంది. "మెల్లగ లేపు బిడ్డా, గుంజకు. ఎంత మెల్లగ లేపినవో అంత మెల్లగ దించు," అని చెయ్యి మీద చెయ్యి వేసి పట్టుకునేవాడు ఒక ముసలి సర్దార్. ఆయన అరచేయి గరుకు, దాని నిదానం ఇప్పటికీ నా మణికట్టుకు గుర్తున్నాయి. దీపం ఆరిపోతే అక్కడ మళ్లీ వెలిగించకూడదు, మంచి గాలిలోకి వచ్చాకే.

చట్టం పెట్టిన హద్దు కూడా ఆ 1.25 శాతమే. ఎక్కడైనా అంతకు మించితే కరెంటు ఆపాలి, మనుషుల్ని వెనక్కి పంపాలి. పనిచోట్లు తిరిగి బయటికి పోయే గాలిలోనైతే 0.75 శాతం దాటకూడదు. ఆ 0.75 దీపానికి అందదు. అందుకే గ్యాసు శాతం కొలిచే మీథనోమీటర్లు వచ్చాయి, సీసాల్లో గాలి నమూనాలు పట్టి ల్యాబుకు పంపడం వచ్చింది. మీథేన్ పేలేది గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు. అన్నిటికంటే భీకరంగా పేలేది 9.5 శాతం దగ్గర. ఎందుకంటే ఒక పాలు మీథేన్ పూర్తిగా కాలడానికి సుమారు పది పాళ్ల గాలి కావాలి, అక్కడ లెక్క సరిగ్గా కుదురుతుంది.

మీథనోమీటర్ అంకె చూపిస్తుందని అందరికీ ధైర్యం. నాకు దాని మీద గౌరవమే గానీ, దాని గుణం తెలియకుండా నమ్మితే మోసం చేస్తుంది. అది గ్యాసును చిన్న పూస మీద కాల్చి, పుట్టిన వేడిని కొలుస్తుంది. కాలడానికి ఆక్సిజన్ కావాలి. గ్యాసు మరీ ఎక్కువై ఆక్సిజన్ తగ్గిన చోట అది సరిగ్గా కాలదు, ముల్లు పైకి పోయి మళ్లీ కిందికి పడుతుంది. ఆ పడిన అంకెను చూసి "తక్కువే ఉంది" అనుకున్నవాడు నడుస్తున్నది పేలుడు హద్దు దాటిన గ్యాసులోకి. ఊపిరి అందక అక్కడే కూలిపోతాడు. సిలికాన్ ఉన్న గ్రీజు, పాలిష్ ఆవిరి తగిలినా ఆ పూస మొద్దుబారుతుంది. దీపానికి ఇక్కడ ఒక మేలుంది: ఆక్సిజన్ తగ్గుతుంటే మంట మసకబారి, 16–17 శాతానికి వచ్చేసరికి ఆరిపోతుంది. ఒకే దీపం రెండు ప్రమాదాలనూ చెప్పేది.

గాలి దారి

మీథేన్ బరువు గాలిలో దాదాపు సగం, 0.55. అందుకని అది ఎప్పుడూ పైకే చూస్తుంది. ఎగువకు తవ్వే గ్యాలరీ (బొగ్గులో తవ్విన సొరంగం) చివర, బండ ఊడి గోపురంలా గుంత పడిన చోట, గాలిని ఆపడానికి కట్టే స్టాపింగ్ గోడ పైఅంచు దగ్గర చేరుతుంది. బరువైన కార్బన్ డయాక్సైడ్ దిగువ చివరల్లో, నీళ్లు నిలిచే చోట చేరుతుంది. దీపం పట్టుకుని ఎగువకు పోయేవాడు పైకి చూడాలి, దిగువకు పోయేవాడు మోకాళ్ల దగ్గర చూడాలి.

గ్యాసు ఒక్కోసారి గాలిలో కలవదు. గాలి వేగం సెకనుకు అర మీటరు కన్నా తగ్గితే పైకప్పు కింద చాపలా పరుచుకుంటుంది. మనిషి తల ఎత్తులో కొలిస్తే సున్నా, జానెడు పైన కొలిస్తే పేలుడు సరుకు. ఏటవాలు గ్యాలరీలో ఆ చాప గాలికి ఎదురు కూడా పాకుతుంది. అందుకే కొలిచే గొట్టం పైకప్పుకు తగలాల్సిందే. చేతికి అందిన ఎత్తులో కొలిచి రిజిస్టర్‌లో రాయడం రాసినట్టు కాదు.

గాలి లెక్క నోటికి వచ్చేది: షిఫ్టులో ఉన్న ఒక్కో మనిషికి నిమిషానికి 6 ఘనపు మీటర్లు, లేదా రోజు ఉత్పత్తిలో ఒక్కో టన్నుకు 2.5 ఘనపు మీటర్లు. రెండిట్లో ఏది ఎక్కువైతే అది. పైన ఫ్యాను ఎంత పెద్దదైనా ఆ గాలి బొగ్గు ముఖం, అంటే తవ్వుతున్న చోటు దాకా చేరాలంటే బ్రాటిస్ గుడ్డ కట్టాలి. దుంగలకు మేకులు కొట్టి, గోనెపట్టా లాంటి గుడ్డను తెరలా దింపి, ఒక పక్క నుంచి గాలిని ముందుకు తోసి ఇంకో పక్క నుంచి వెనక్కి రప్పించడం. ముఖానికి 4.5 మీటర్ల లోపల ఉండాలి ఆ గుడ్డ. పని ముందుకు సాగేకొద్దీ గుడ్డ వెనకబడుతుంది. పేల్చేటప్పుడు చిరుగుతుందని విప్పుతారు, మళ్లీ కట్టేసరికి ఆలస్యం. బొగ్గు మోసే టబ్బు తగిలి ఊడుతుంది. గాలికి బద్ధకం ఎక్కువ, దగ్గర దారి దొరికితే అక్కడి నుంచే తిరిగిపోతుంది. రాత్రి షిఫ్టులో గుడ్డ రెపరెపలాడే చప్పుడు వినిపిస్తుంటే ప్రాణం నెమ్మదించేది. ఆ చప్పుడు ఆగితే మాట మధ్యలో ఆపి చెవి పెట్టేవాళ్లు.

షాట్ కొట్టే ముందు

పేలుడు మందులో కూడా గ్యాసు కోసం ఒక ఏర్పాటు ఉంది. బాయి లోపల వాడే 'పర్మిటెడ్' మందులో మామూలు ఉప్పు కలుస్తుంది. మంట వేడిని, దాని నిడివిని అది తగ్గిస్తుంది. మీథేన్ అంటుకోవడానికి రమారమి 650 డిగ్రీల వేడి కావాలి, అదీ కొంతసేపు తగలాలి. సరైన మందు మంట ఆ లోపే చల్లారిపోతుంది.

కానీ మందు మంచిదైతే సరిపోదు. రంధ్రంలో మందు పెట్టాక మూతి దాకా మట్టితో బిగించాలి. పైన షెడ్డులో ఇసుక, బంకమట్టి కలిపి కడ్డీల్లా చేసి, పచ్చిగా ఉండగానే లోపలికి పంపేవాళ్లు. ఎండిపోయి పగిలిన మట్టితోనో, బొగ్గు పొడితోనో బిగిస్తే రాయి పగలదు, మందు తుపాకీలా మూతిలోంచి మంట కక్కుతుంది. చుట్టూ 20 మీటర్ల మేర గ్యాసు చూసి, బొగ్గు దుమ్ము మీద నీళ్లు కొట్టి, కాపలా మనుషుల్ని నిలబెట్టి, అప్పుడు "ఫైరింగ్!" అని మూడుసార్లు కేక. పేలిన తర్వాత పొగ పోయేదాకా ఆగి మళ్లీ దీపమే ముందు. కొత్తగా పగిలిన బొగ్గు లోపల దాచుకున్న గ్యాసు అప్పుడే విడుదలవుతుంది. చెవి దగ్గర పెట్టుకుంటే తడి బొగ్గు సన్నగా చిటపటలాడేది, పోపు చల్లారుతున్నట్టు.

వాయుగుండం

ఆకాశవాణి హైదరాబాద్ ప్రాంతీయ వార్తల్లో "బంగాళాఖాతంలో వాయుగుండం" అనగానే ఊళ్లో రైతులు కోసిన వరి గురించి దిగులుపడేవాళ్లు. బాయి ఆఫీసులో మేం గోడకు ఉన్న బారోమీటర్ దగ్గరికి వెళ్లేవాళ్లం.

పైకప్పు నిలవడానికి వదిలిన బొగ్గు పిల్లర్లు తీసేసిన వెనక భాగాన్ని గోఫ్ అంటారు. బండ కూలి, ఇటుక గోడలతో మూసేసిన ఖాళీ అది. అందులో గ్యాసు నిలవ ఉంటుంది. బయట గాలి ఒత్తిడి తగ్గితే లోపలి గ్యాసు వ్యాకోచించి గోడల సందుల్లోంచి వస్తుంది. లెక్క చిన్నదే: లక్ష ఘనపు మీటర్ల ఖాళీ ఉందనుకోండి. ఒత్తిడి 1000 మిల్లీబార్ల నుంచి 990కి పడితే సుమారు వెయ్యి ఘనపు మీటర్లు బయటికి వచ్చి తీరుతుంది. తుపాను తీరం దాటేది ఎక్కడో కోస్తాలో, దాని ఊపిరి తగిలేది గోదావరి ఒడ్డున నేల కింద.

గోడకు అమర్చిన పైపు దగ్గర చిటికెడు రాతిపొడి జారవిడిచేవాళ్లు. పొడి గోడ వైపు లాగితే గోఫ్ గాలి పీలుస్తున్నట్టు, మన వైపు ఎగిరితే వదులుతున్నట్టు. ఆ రోజుల్లో గోడల దగ్గర తనిఖీలు పెరిగేవి, పగుళ్లకు సున్నం పూత పడేది. గోఫ్ లోపలి గాలిని ఫుట్‌బాల్ బ్లాడర్లలో పట్టి పైకి తెచ్చేవాళ్లం. సగం ఉబ్బిన నాలుగైదు బ్లాడర్లు భుజానికి వేలాడేసుకుని ఒక మనిషి ఇంక్లైన్ (బాయిలోకి దిగే ఏటవాలు దారి) ఎక్కి వస్తుంటే దూరం నుంచి బెలూన్లు అమ్మేవాడిలా కనిపించేవాడు. ల్యాబులో ఎంత ఆక్సిజన్ ఖర్చయింది, ఎంత కార్బన్ మోనాక్సైడ్ పుట్టింది అని నిష్పత్తి కట్టేవాళ్లు. అది రోజురోజుకూ పెరుగుతుంటే లోపల బొగ్గు తనంతట తానే రాజుకుంటోందని అర్థం. గ్యాసూ నిప్పూ ఒకే గోడ వెనక ఉన్నట్టు. ఆ దశలో మాత్రం ముక్కు పనికొచ్చేది: ముందు గోడలు చెమర్చేవి, ఆ తర్వాత కిరసనాయిలు లాంటి జిడ్డు వాసన.

మొదటి డిగ్రీ

గ్యాసు ఎంత వస్తుందన్నదాన్ని బట్టి బాయిలకు డిగ్రీలుంటాయి. సింగరేణి బాయిల్లో ఎక్కువ భాగం మొదటి డిగ్రీవి. టన్ను బొగ్గుకు ఒక ఘనపు మీటరు మించి గ్యాసు రాదు, గాలిలో 0.1 శాతం మించదు. 1 నుంచి 10 ఘనపు మీటర్ల దాకా రెండో డిగ్రీ, ఆపైన మూడోది. "మనది ఫస్ట్ డిగ్రీయే గదన్నా" అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. ఆ మాట అంటే నాకు ఎప్పుడూ పడదు. డిగ్రీ అనేది సగటు. గాలి ఆగిన ఒక్క గ్యాలరీ చివర సగటుతో పనిలేదు. టన్నుకు అర ఘనపు మీటరు వచ్చినా కదలని గాలిలో పోగుపడుతూ పోతే 5 శాతానికి చేరుతుంది, కాస్త ఆలస్యం అంతే.

మన దేశంలో పేలుళ్లు జరిగిన గనులు: 1958లో చినాకురి, 1965లో ధోరి, 2006లో భాట్‌డీ. ధోరిలో 268 మంది, భాట్‌డీలో 50 మంది పోయారు. ఈ పేర్లు సేఫ్టీ క్లాసుల్లో చెప్పేటప్పుడు ముందు వరసలో కూర్చున్న ముసలివాళ్లు తల వంచుకునేవాళ్లు. 1906లో ఫ్రాన్స్‌లోని కూరియేర్‌లో 1,099 మందిని బలిగొన్న పేలుడును అంతదూరం మోసుకెళ్లింది బొగ్గు దుమ్ము. గ్యాసు పేలుడు చిన్నదైనా అది రేపిన దుమ్ము అంటుకుంటే గనంతా పాకుతుంది. అందుకే గ్యాలరీల నిండా సున్నపురాయి పొడి చల్లేవాళ్లు. నేల మీది పొడిని చీపురుతో ఊడ్చి పరీక్షకు పంపితే అందులో కాలని పదార్థం కనీసం 75 శాతం, మండే గుణం ఎక్కువున్న బొగ్గులో 85 శాతం ఉండాలి. పొడి చల్లిన మర్నాడు దిగితే దారంతా వెన్నెల కాసినట్టు తెల్లగా. వారం తిరిగేసరికి మళ్లీ నలుపు. ఆ నలుపు ఎంత త్వరగా కమ్ముకుందో చూసి, నీళ్లు కొడుతున్నారో లేదో చెప్పేయవచ్చు.

పేలుడులో మంట కన్నా ఎక్కువమందిని తీసుకుపోయేది తర్వాత మిగిలే కార్బన్ మోనాక్సైడ్. నడుముకు కట్టే, నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చే సెల్ఫ్ రెస్క్యూయర్ దాని కోసం. పాతరకంలో ఉండే మందు ఆ విషాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది, అప్పుడు పీల్చే గాలి వేడెక్కి గొంతు కాలుతుంది. కాలుతోందని నోట్లోంచి తీసేస్తే అంతే సంగతులు. ఆ వేడే అది పనిచేస్తోందనడానికి గుర్తు. ట్రైనింగులో ఈ ఒక్క మాటే పదేపదే చెప్పించేవాళ్లం, వాళ్ల చేత గట్టిగా తిరిగి అనిపించేవాళ్లం. రెస్క్యూ స్టేషన్లో పంజరంలో మునియా పిట్టలుండేవి. మనిషికి తెలియకముందే విషం వాటికి తెలుస్తుంది. వాటికి గింజలు వేసే మనిషి పంజరం బయటికి వెళ్లిన ప్రతిసారీ అది తిరిగొచ్చేదాకా భోజనానికి లేచేవాడు కాదు.

వంటిల్లు

పైపు గ్యాసు కుర్రాడు వెళ్లిపోయాక గోడ చూశాను. సిలిండర్ ఉన్నప్పుడు బిగించిన గ్యాస్ డిటెక్టర్ ఇంకా మోకాలి ఎత్తులోనే ఉంది. సిలిండర్ గ్యాసు గాలికన్నా బరువు, నేల మీద పాకుతుంది, దానికి ఆ ఎత్తు సరైనదే. మీథేన్ అక్కడికి రావాలంటే గది నిండాలి. మా వంటిల్లు 10 అడుగుల పొడవు, 8 వెడల్పు, 10 ఎత్తు. అంటే సుమారు 22.6 ఘనపు మీటర్లు. అందులో 5 శాతం 1.1 ఘనపు మీటర్లు. పెద్ద బర్నర్ వెలిగించకుండా తెరిచి ఉంచితే గంటకు దాదాపు పావు ఘనపు మీటరు వదులుతుంది. గదంతా సమంగా కలిస్తే నాలుగైదు గంటలు. కానీ కలవదు, స్లాబు కింద చాపలా పరుచుకుంటుంది. అక్కడ గంటలోపే 5 శాతం దాటవచ్చు.

కోడలికి ఇదంతా చెప్పాను. కంపు వస్తే స్విచ్ ముట్టుకోవద్దని, ఉన్న లైటు ఆర్పొద్దు కూడా అని, వాల్వు కట్టేసి పై కిటికీ తెరవమని. "మామయ్యా, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే తొందరగా పోతుంది కదా?" అంది. అదే వేయకూడదు, దాని స్విచ్‌లో, మోటార్‌లో నిప్పురవ్వ పుడుతుంది అన్నాను. తను ఫ్రిజ్ మీద అంటించిన కాగితం మీద "ఫ్యాన్ వద్దు" అని రాసి కింద రెండు గీతలు కొట్టింది.

మీథేన్‌ను పట్టే డిటెక్టర్ వేరే తెప్పించాం. నిన్న సాయంత్రం స్టూలు వేయించి, స్లాబుకు జానెడు కింద, కిటికీ గాలి నేరుగా తగలని గోడకు బిగించారు. బిగించే అబ్బాయి చేయి పైకి లేపుతుంటే, మెల్లగ బిడ్డా, అని నోటి చివరిదాకా వచ్చింది.